నాలుగు బళ్ళు, ఒక్క జవాబు

"నీ యంత్రం అబద్ధం చెప్పిందని నేననడం లేదు తల్లీ," అన్నాడు డిటెక్టివ్. "చెప్పాల్సిందంతా చెప్పిందా అని అడుగుతున్నాను."

మేనకోడలి మొహం జేవురించింది. "అది ఏదీ వదిలిపెట్టదు మామయ్యా! ఉన్న దారులన్నీ వెతికిగానీ ఆగదు."

"వదిలిపెట్టలేదని ఎవరు చూశారు?"

గోడగడియారం మూడూ అయిదు చూపిస్తోంది. నాలుగింటికి పోలీసు వ్యాను వస్తుంది.

ఆ వ్యాను ఎవరికోసం వస్తోందో ఆ మనిషి కంప్యూటర్ గది మూలన ఇనప కుర్చీలో కూర్చుని ఉంది. యాభై నాలుగేళ్ళావిడ. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఆస్పత్రి మందుల స్టోరుకి ఆమే కీపరు. పెద్ద డాక్టరు నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ స్టోరమ్మ. ఇవాళ మధ్యాహ్నం ఆమె స్టోరులోంచి ఒక ఎర్ర డబ్బా మాయమైంది. అందులో పది చిన్న గాజు ఆంపూల్స్ ఉన్నాయి. కండరాలను పడుకోబెట్టే మందు అది. ఆపరేషన్ బల్ల మీద, ఊపిరి యంత్రం పక్కన ఉంటే అది వైద్యం. యంత్రం లేకుండా ఒంట్లోకి వెళితే మూడు నిమిషాల్లో ఊపిరి ఆగిపోతుంది.

"మెకానిక్ గారూ, మీకిచ్చిన గంటలో అయిదు నిమిషాలు అయిపోయాయి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కమాండర్.

ఆయన ఆస్పత్రి సెక్యూరిటీ అధికారి. ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. బూట్ల చప్పుడు విని ఎవరో పెట్టిన పేరు అది. ఆయనకది నచ్చింది. 'మెకానిక్' అన్న మాట మాత్రం కావాలనే వాడాడు. డిటెక్టివ్ ఇరవై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేసి, ఆ తర్వాత ఈ పనిలోకి వచ్చిన మనిషి.

డిటెక్టివ్ నొచ్చుకోలేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. ఏ పని మొదలుపెట్టినా దేవుణ్ణి తలుచుకోవడం ఆయనకి అలవాటు. కళ్ళు తెరిచి, "టైములు ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

కమాండర్ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "రెండూ పదికి డబ్బా అరలో ఉంది. నా గార్డూ ఈవిడా కలిసి లెక్క చూశారు. రెండూ పది నుంచి రెండూ నలభై దాకా తలుపుల కార్డు మిషన్ మరమ్మతు. ఆ అరగంటా నంబరు నొక్కితే తలుపులు తెరుచుకున్నాయి. ఆ నంబరు ఈ అంతస్తులో అందరికీ తెలుసు. స్టోరుకి రెండు తలుపులు, మధ్యలో నడవా. నడవా నేలలో తూకం పలక ఉంది. రెండూ ఇరవై రెండుకి ఒక మనిషి, ఒక బండి లోపలికి. రెండూ ఇరవై ఏడుకి ఒక మనిషి, ఒక బండి బయటికి. రెండూ నలభైకి చూస్తే డబ్బా లేదు."

"ఎవరా మనిషి?"

"పలక బరువే చెబుతుంది, మొహం చెప్పదు. మొహం, మా తలుపుల కాపలా పరీక్షించడానికి మీ మేనకోడలు రాసిన ప్రోగ్రామ్ చెప్పింది. ఒకే ఒక్క జవాబు. ఆవిడే!" అంటూ మూల కుర్చీవైపు వేలు చూపించాడు.

"వేలు దించు బూట్లబాబూ," అంది స్టోరమ్మ. "నీ పెళ్ళిలో నేను బఫే దగ్గర నిలబడి అందరికీ వడ్డించాను, గుర్తుందా?"

కమాండర్ దగ్గాడు. వేలు దిగింది.

"ఆ అరగంటలో మీరెక్కడున్నారమ్మా?" అని అడిగాడు డిటెక్టివ్.

"మేడమీద. నా క్యారియరు తీసుకెళ్ళి అన్నం తిన్నాను. మోకాళ్ళ నొప్పి, ఎండలో కాసేపు కూర్చున్నాను."

"ఎవరైనా చూశారా?"

"నీళ్ళ ట్యాంకు చూసింది. సాక్ష్యానికి పిలుస్తారా?"

డిటెక్టివ్ నవ్వి మేనకోడలి పక్కన స్టూలు లాక్కున్నాడు. "ఈ ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో నాలాంటివాడికి అర్థమయ్యేట్టు చెప్పు."

"ఆటబల్ల మీద కాయలు పెట్టినట్టు అనుకో మామయ్యా. తలుపు ఒక కాయ, మనిషి ఒక కాయ, బండి ఒక కాయ. ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నాయో రాస్తాను. తర్వాత సూత్రాలు రాస్తాను. ఇలా ఉంటే అలా మారొచ్చు అని. నంబరు నొక్కితే బయటి తలుపు తెరుచుకోవచ్చు. తెరిచి ఉంటే మనిషి నడవాలోకి రావచ్చు. బయటి తలుపు మూసుకుంటేనే లోపలి తలుపు తెరుచుకుంటుంది. అంతే. ఏ సూత్రం ఎక్కడ అతుకుతుందో అదే వెతుక్కుని, ఒక స్థితిని ఇంకో స్థితిగా తిరగరాస్తూ పోతుంది. చివరికి 'బండితో సహా స్టోరులోకి ఎవరెవరు చేరగలరు' అంటే జాబితా ఇస్తుంది."

"ఈ అంతస్తులో బళ్ళున్నవాళ్ళు ఎంతమంది?"

"నలుగురు. స్టోరమ్మగారు, దుప్పట్ల బండాయన, భోజనాల బండావిడ, ఆపరేషన్ పరికరాల బండి అటెండరు. మిగతావాళ్ళు ఒట్టి చేతులతో తిరుగుతారు. పలక మీద బండి పడింది కాబట్టి వాళ్ళతో పనిలేదు."

"నలుగుర్నీ కంప్యూటర్‌లో పెట్టావా?"

"పెట్టాను! వారంరోజులు వరండాలో కూర్చుని, ఎవరు ఎలా వస్తే అలా రాసుకున్నాను. ప్రోగ్రామ్ ఇచ్చిన ప్రతి జవాబూ సరిచూశాను. ఒక్కటి కూడా తప్పు రాలేదు."

"తప్పు జవాబు వస్తే పట్టుకోవచ్చు, కళ్ళెదుట ఉంటుంది కాబట్టి. రావాల్సిన జవాబు రాకపోతే ఎలా పట్టుకుంటావు? లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఊరంతా గోలపెడుతుంది. అదే లిఫ్టు ఒక్క అయిదో అంతస్తులో మాత్రం ఆగకుండా పోతోందనుకో, ఆ అంతస్తువాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు." ఆయన స్టోరమ్మవైపు తిరిగాడు. "అమ్మా, ఔనా కాదా చెప్పండి చాలు. పరికరాల బండి ఎప్పుడైనా మీ స్టోరులోకి వచ్చిందా?"

"ఎప్పుడైనా ఏమిటి నాయనా, రోజూ వస్తుంది. స్పిరిటు సీసా కోసం."

"ఔనన్నమాట. తల్లీ, నీ ప్రోగ్రామ్‌ని అడుగు. పరికరాల బండి స్టోరులోకి చేరగలదా?"

ఆమె టైపు చేసింది. తెర మీద జవాబు వెంటనే వచ్చింది. అలాంటి స్థితి ఏదీ లేదు.

ఆమె చేతులు కీబోర్డు మీద అలాగే ఆగిపోయాయి. "రోజూ జరిగేదాన్ని... జరగదంటోంది."

"మంచిది. రోగం ఉందని తేలింది," అన్నాడు డిటెక్టివ్. "ఎక్కడుందో చూద్దాం. ముందు ఆ గది చూడాలి."

కమాండర్ బూటుతో నేలమీద తట్టాడు. "రోజూ వస్తుందని ఎవరు చెప్పారు? దొంగ చెప్పింది! మీకు సాక్షి ఎవరో తెలుసా? ముద్దాయి!"

"అందుకే గది చూద్దామంటున్నాను. గదికి ఎవరిమీదా ప్రేమ ఉండదు."

మూడూ పదకొండుకి స్టోరు బయటి తలుపు తెరుచుకుంది. కమాండర్ వేసిన సీలు కమాండరే చింపాడు. డిటెక్టివ్ నడవాలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. నేలలో తూకం పలక. లోపలి తలుపు గుమ్మం దగ్గర బొటనవేలంత ఎత్తు రబ్బరు పట్టీ. పైన మనిషి మొహం అంత ఎత్తులో తలుపుకి పెయింటు కొత్తగా ఉంది. మోకాలెత్తులో మాత్రం అడ్డంగా ఒక గీత పడి, చెక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఒకటి కాదు, ఒకదానిమీద ఒకటి డజన్లకొద్దీ నొక్కులు. నొక్కుల్లో నీలం రంగు.

"స్టోరమ్మ బండి ఏ రంగు?" అని అడిగాడు.

"స్టీలు," అన్నాడు కమాండర్.

"నీలం అంచు ఏ బండికి ఉంది?"

కమాండర్ నొక్కుల మీదికి వంగి చూశాడు. "పరికరాల బండికి. అయితే? పాత గీతలు."

"పాతవే. బండి రోజూ వస్తుందనేగా ఆవిడ చెప్పింది?"

లోపల గదిలో పన్నెండు అరలున్నాయి. అయిదో దాంట్లో నడుమెత్తున, ఎర్ర డబ్బా ఉండాల్సిన చోటు ఖాళీ. దాని కిందే అలాంటి సైజువే తెల్ల డబ్బాలు రెండు వరసలు. పొడి మందుల్లో కలిపే నీళ్ళ ఆంపూల్స్ అవి. మూలన ఖాళీ తెల్ల డబ్బాల దొంతర. డిటెక్టివ్ కడుపుమీద పడుకుని అర కింద చెయ్యి పెట్టాడు. గోరంత ఎర్ర అట్టముక్క చేతికొచ్చింది. ఒక పక్క చిరిగి ఉంది.

"దొంగ పెట్టెను జాగ్రత్తగా తీసుకెళతాడు గానీ చింపుతాడా?" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

అప్పుడే కమాండర్ నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. మూడో అంతస్తు వార్డుకి నీళ్ళ ఆంపూల్స్ కావాలట, స్టోరులో ఎవరూ లేరట. కమాండర్ వంగి ముందువరసలో చేతికందిన తెల్ల డబ్బా లాగి, గుమ్మం బయట నిలబడ్డ వార్డు ఆయా చేతిలో పెట్టి, రిజిస్టరులో తారీఖు వేసి సంతకం గీకాడు.

"ఏం చేస్తున్నారండీ!" డిటెక్టివ్ దిగ్గున లేచాడు. "ఆధారాలున్న గదిలో వస్తువు కదుపుతారా?"

"అవి నీళ్ళు మాస్టారూ, ఒట్టి నీళ్ళు. మీ దర్యాప్తు అయ్యేదాకా రోగులు ఆగరు. స్టోరు కూడా నేనే నడపాల్సి వస్తోంది, చూశారా?"

మూడూ పద్దెనిమిది. డిటెక్టివ్ ఆ టైము కాగితం మీద రాసుకున్నాడు. ఎందుకు రాసుకుంటున్నాడో అప్పటికి ఆయనకే తెలియదు.

వెనక్కి వచ్చేసరికి మేనకోడలు సూత్రాలన్నీ తెరమీద పరిచి, ఒక్కొక్కదాన్నీ పైనుంచి చదువుతోంది. జుట్టు పీక్కోవడం ఒక్కటే తక్కువ.

"నూట నలభై సూత్రాలు మామయ్యా. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే రాత్రవుతుంది."

"ఎందుకు చూస్తావు? ఎనిమిదంతస్తుల లిఫ్టు చెడితే ఎనిమిదంతస్తుల తీగలూ విప్పుతారా ఎవరైనా? ఎక్కడిదాకా బాగుందో, ఎక్కడ బాగాలేదో కనుక్కుంటాం. రోగం ఆ రెండింటి మధ్యే ఉంటుంది." ఆయన స్టూలు ముందుకి జరిపాడు. "ప్రతి మెట్టు దగ్గరా నీ ప్రోగ్రామ్ ఏమేం చూసిందో చెప్పు. నేను స్టోరమ్మగారిని ఒకటే ప్రశ్న అడుగుతాను. 'ఇవేనా, ఇంకా ఉన్నాయా' అని."

"ఒప్పుకోను," అన్నాడు కమాండర్. "దొంగతనం ఎలా చెయ్యొచ్చో దొంగనడిగి రాసుకుంటారా?"

"ఆ గదిలోకి రోజుకి నలభైసార్లు వెళ్ళొచ్చే మనిషి ఇంకెవరున్నారో చెప్పండి, వాళ్ళనే అడుగుతాను."

కమాండర్ చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

"ఆమె మాట మీరు నమ్మక్కర్లేదు. ఆమె చెప్పింది చేసి చూసి నమ్మండి." డిటెక్టివ్ మేనకోడలి భుజం తట్టాడు. "మొదలుపెట్టు. బయటి తలుపు తెరుచుకుంది. గుమ్మం ముందు బండితో ఎవరెవరు నిలబడి ఉండొచ్చంటోంది?"

"నలుగురూ."

"అమ్మా, ఇవేనా, ఇంకా ఉన్నాయా?"

"ఇవే. మా అంతస్తులో బళ్ళు నాలుగే."

"ఇక్కడిదాకా బాగుంది. ఆఖరి మెట్టు, స్టోరు లోపల?"

"ఒక్కరే. స్టోరమ్మగారు."

"ఇంకా ఉన్నాయి!" అంది స్టోరమ్మ అడక్కుండానే. "స్పిరిటుకి వాడొస్తాడు. దుప్పట్లు మార్చడానికి ఆయనొస్తాడు. సెలైన్ పెట్టెలు ఎక్కువైతే భోజనాల పిల్ల తన బండి మీద మోసిపెడుతుంది."

"బాగాలేదు. నడిమధ్యకి రా. నడవాలో బండి ఉంది, బయటి తలుపు మూసుకుపోయింది."

"ఒక్కరే."

"ఇంకా ఉన్నాయి," అంది స్టోరమ్మ. ఈసారి కుర్చీలో ముందుకి జరిగింది. ఆటలో పడిపోయింది.

"అంటే లోపలి తలుపుకి ఏ పాపమూ తెలియదు. ఇంకొంచెం ముందుకి. నడవాలో బండి ఉంది, బయటి తలుపు ఇంకా మూసుకోలేదు."

మేనకోడలు తెరవైపు వంగి చూసింది. "ఒక్కరే."

"గుమ్మం ముందు నలుగురు. గుమ్మం దాటాక ఒక్కరు." డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు. "నాలుగు ప్రశ్నలు. మూడు బళ్ళు గుమ్మం దగ్గరే మాయమైపోయాయి! గుమ్మం దాటించే సూత్రాలు ఎన్ని?"

"బండితో అయితే... ఒక్కటే."

"మూడూ ముప్ఫై మూడు," అన్నాడు కమాండర్. కానీ ఆయన కూడా అప్పటికి తెర దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఆ సూత్రం చదువు."

"తలుపు తెరిచి ఉండి... పక్కన మనిషి ఉండి... ఆ పక్కన బండి ఉంటే, మనిషీ బండీ నడవాలోకి వస్తారు." ఆమె రెండుసార్లు చదివింది. "ఇందులో తప్పేముంది మామయ్యా? నిజమే కదా?"

"నిజమే. ఎవరు వెళుతుంటే చూసి రాశావు ఈ సూత్రం?"

"మొదటిరోజు స్టోరమ్మగారే నాకు నడవా అంతా చూపించారు. ఆవిడ వెళుతుంటే చూసి రాశాను."

"అమ్మా," అన్నాడు డిటెక్టివ్ స్టోరమ్మతో, "మీరు బండిని నెడతారా, లాగుతారా?"

"లాగుతాను. నెడితే ఆ రబ్బరు పట్టీ దగ్గర చక్రాలు ఎగిరిపడి సీసాలన్నీ గల్లుమంటాయి. నేను ముందు నడిచి, పసిబిడ్డని చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించినట్టు మెల్లిగా లాక్కొస్తాను. మిగతావాళ్ళకి అంత ఓపికేదీ? నెట్టుకుంటూ వచ్చి తలుపుని ఢీకొడతారు. ఎన్నిసార్లు చెప్పినా..."

ఆమె మాట పూర్తికాకముందే మేనకోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"వరస!" అంది వేళ్ళ సందుల్లోంచి. "మామయ్యా, వరస! ఈవిడ వస్తే తలుపు, మనిషి, బండి. వాళ్ళు వస్తే తలుపు, బండి, మనిషి. నేను ఎవరు ఎలా వస్తే అలా రాసుకున్నాను. సూత్రం మాత్రం ఈవిడ వరసకే అతుకుతుంది. మనకైతే రెండూ ఒకటే. దానికి కాదు! 'వరస ఎలా ఉన్నా ఒకటే' అని నేను చెప్పాలి. ఒక్క మాట. చెప్పలేదు."

ఆమె తెర మీద ఆ ఒక్క సూత్రాన్నీ వేలితో చూపించింది.

"అంటే," అంది స్టోరమ్మ నెమ్మదిగా, "సీసాలు పగలకుండా జాగ్రత్తగా లాక్కొచ్చాను కాబట్టి నేను దొంగనయ్యానా?"

మేనకోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పెద్దమ్మా, నన్ను క్షమించండి."

"ఏడిస్తే అక్షరాలు కనపడవు. ముందు ఆ మాట చేర్చు," అంది స్టోరమ్మ.

కమాండర్ మాత్రం తగ్గలేదు. "కథ బాగుంది. నెడుతూ కూడా లోపలికి పోవచ్చని రుజువేది? రబ్బరు పట్టీ ఉంది కదా, బండి ఆగిపోతుందేమో?"

"అమ్మగారి బండి వరండాలోనే ఉంది. నెట్టి చూడండి."

కమాండర్ స్వయంగా నెట్టాడు. ఖాళీ బండిని కోపంగా నెట్టుకుంటూ నడవాలోకి దూసుకుపోయాడు. తలుపు మూసుకుంది. క్షణం తర్వాత ఢామ్మని చప్పుడు, ఆ వెనకే "అబ్బా!" అన్న కేక. బండి లోపలి తలుపుని గుద్ది, వెనక్కి తన్ని, ఆయన మోకాలి చిప్పకే తగిలింది. అయినా బండి లోపలికి చేరింది. పద్నాలుగు సెకన్లు. కుంటుకుంటూ తిరిగొచ్చి ఆయన ఒకటే మాట అన్నాడు. "వెళుతుంది."

మూడూ నలభై ఒకటి. మేనకోడలు ఆ ఒక్క మాటా చేర్చి మళ్ళీ నడిపించింది. తెరమీద జవాబులు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"దుప్పట్ల బండి పొద్దుటి నుంచి వర్క్‌షాపులో ఉంది, చక్రం ఊడింది," అన్నాడు కమాండర్. మనసు మారిందో లేదోగానీ గొంతు మారింది. "భోజనాలావిడ రెండింటి నుంచి రెండున్నర దాకా పైన వార్డులో వడ్డిస్తోంది. ముప్ఫై మంది చూశారు."

"మిగిలింది నీలం అంచు బండి. పిలిపించండి. ఈలోగా ఆ తూకం పలక కాగితం ఇలా ఇవ్వండి. మనిషి, బండి అన్నారుగానీ, బరువెంతో ఎవరూ చెప్పలేదు."

కాగితం చేతికొచ్చింది. డిటెక్టివ్ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒకసారి, దూరంగా పెట్టుకుని ఒకసారి చూశాడు. రెండూ ఇరవై రెండుకి నూటపద్దెనిమిది కిలోల నాలుగువందల గ్రాములు. రెండూ ఇరవై ఏడుకి నూటపద్దెనిమిది కిలోల నాలుగువందల గ్రాములు.

"అమ్మా, ఆ ఎర్ర డబ్బా ఎంత బరువుంటుంది?"

"ఆంపూల్స్‌తో కలిపి పావుకిలోకి తక్కువుండదు."

డిటెక్టివ్ కాగితం కిందపెట్టాడు. వచ్చినంత బరువుతోనే వెళ్ళాడు. పావుకిలో ఎక్కువ కాలేదు. అంటే డబ్బా స్టోరు దాటలేదు.

అటెండరు వచ్చాడు. నలభై ఏళ్ళ బక్కపలచని మనిషి. గుమ్మంలో కమాండర్ని చూడగానే సగం చచ్చిపోయాడు.

"కూర్చో బాబూ," అన్నాడు డిటెక్టివ్. "నిన్నెవరూ ఏమీ అనరు. ఔనా కాదా చెప్పు చాలు. రెండూ ఇరవై రెండుకి స్టోరులోకి వెళ్ళావు. ఔనా?"

అతను స్టోరమ్మవైపు చూసి తలదించుకున్నాడు. "ఔనండి."

"స్పిరిటు కోసం. అమ్మగారు లేరని సీసా తీసుకోలేదు. ఔనా?"

"ఔనండి."

"బండి అరని గుద్దింది. ఎర్ర డబ్బా కిందపడి చిరిగింది."

అతను చేతులు జోడించాడు. "నేను కావాలని చెయ్యలేదు బాబయ్యా! అమ్మగారు ఎన్నిసార్లో చెప్పారు, నెట్టొద్దురా లాగరా అని. డబ్బా పక్క చిరిగిపోయింది. లోపల ఒక్కటీ పగల్లేదు, దేవుడి దయ. అమ్మగారు తిడతారని..."

"నువ్వు దాన్ని బయటికి తీసుకెళ్ళలేదు."

"ఒట్టు బాబయ్యా, చిరిగిన అట్ట ఒక్కటే జేబులో పెట్టుకున్నాను." అతను జేబులోంచి నలిగిన ఎర్ర అట్ట తీసి బల్లమీద పెట్టాడు. చిరిగిన మూల ఒకటి లేదు. డిటెక్టివ్ తన దగ్గరున్న ముక్క అక్కడ పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

"దొంగతనమే జరగలేదు," అన్నాడు కమాండర్ నమ్మలేనట్టు. "ఏదీ పోలేదు!"

మేనకోడలు ఊపిరి పీల్చుకుంది. స్టోరమ్మ మాత్రం లేచి నిలబడింది.

"ఒరేయ్," అంది అటెండరుతో, చాలా మెల్లిగా. "డబ్బా చిరిగిపోతే, ఆ ఆంపూల్స్ దేంట్లో పెట్టావు?"

"మూలన ఖాళీ డబ్బాలున్నాయి కదమ్మా. అదే సైజు. ఒకదాంట్లో సర్ది అరలో పెట్టేశాను."

"తెల్లదాంట్లోనా?"

"ఔనమ్మా. కింద వరసలో, ముందు."

"నీళ్ళ వరసలో." స్టోరమ్మ బల్ల అంచు పట్టుకుంది. "ఆ రెండు ఆంపూల్స్ కవలపిల్లల్లా ఉంటాయి. అదే గాజు, అదే సైజు, అదే తెల్లటి నీళ్ళు. పేరు చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. అందుకే నేను గోల చేసి దాన్ని ఎర్ర డబ్బాలో పెట్టించాను. నేను స్టోరులో ఉండుంటే ఒక్కో ఆంపూల్ చదవకుండా గుమ్మం దాటనివ్వను. ఎవరైనా... ఎవరైనా ఆ వరసలోంచి..."

డిటెక్టివ్ తను టైము రాసుకున్న కాగితం తీశాడు. మూడూ పద్దెనిమిది. తన కళ్ళెదుటే. నీళ్ళు మాస్టారూ, ఒట్టి నీళ్ళు.

ఆయన కమాండర్ వైపు తిరిగాడు. "మీరిచ్చిన డబ్బాకి మూత టేపు ఉందా, లేదా?"

కమాండర్ తన చేతులవైపు చూసుకున్నాడు. "లేదు. తెరవడం తేలికని... అదే ఇచ్చాను."

"మూడో అంతస్తులో మందు కలిపి సూదులిచ్చేది ఎన్నింటికి?"

"నాలుగింటికి," అంది స్టోరమ్మ. ఆ మాట అనేసరికే ఆమె గుమ్మం దగ్గరుంది.

మూడూ యాభై రెండు. కమాండర్ ఫోను లాక్కుని వార్డు నంబరు నొక్కాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. వరండాలో స్టోరమ్మ గొంతు గట్టిగా వినిపించింది. "బూట్లబాబూ! ఆ బూట్లు చప్పుడుకేనా, పరుగుక్కూడా పనికొస్తాయా? రా!" ఇరవై ఆరేళ్ళుగా మెల్లిగా నడిచిన మోకాళ్ళు రెండేసి మెట్లు ఎక్కుతున్నాయి. కమాండర్ ఫోను డిటెక్టివ్ చేతిలో పడేసి, కుంటుతూనే ఆమె వెనక పరిగెత్తాడు.

ఆరోసారి మోగాక అవతల ఎవరో ఎత్తారు. నర్సు గొంతు. హడావుడిగా ఉంది.

"మూడో అంతస్తు. త్వరగా చెప్పండి, చేతిలో సూది ఉంది."

"అమ్మా, ఆ సూది ఎవరికీ..." అన్నాడు డిటెక్టివ్.

"ఏమిటీ? వినపడటం లేదు, ఇక్కడ గోలగా ఉంది. ఇవాళ రోగులెక్కువ, కాస్త ముందే మొదలుపెట్టాం. ఒక్క నిమిషం లైన్లో ఉండండి, మొదటి మంచానికి ఇచ్చేసి వస్తాను."

"వద్దు! అమ్మా, వద్దు!"

రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే, మెత్తటి చెప్పుల అడుగులు ఒక్కొక్కటే దూరమయ్యాయి.